గొయ్యి కాదు, దిబ్బ: పెరట్లో అవకాడో

శ్రోతలకు నమస్కారం. అవకాడో పండు తిన్నాక మిగిలే కోడిగుడ్డంత పిక్కను పారేయబుద్ధి కాక, దానికి పుల్లలు గుచ్చి గాజుగ్లాసులో నీళ్ళమీద నిలబెట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు. పిల్లలకు వేరు చూపించడానికి అది బాగానే ఉంటుంది. చెట్టు కావాలంటే మాత్రం మట్టిలోనే పెట్టండి. నీళ్ళలో పెరిగిన వేరు మట్టిలోకి మార్చేటప్పుడు తేలిగ్గా దెబ్బతింటుంది. పైగా నీళ్ళు మార్చడం మరిచిపోతే ఆ గ్లాసులో దోమలు కూడా పెరుగుతాయి.

పిక్క ఎండితే మొలవదు. పండు కోసిన రోజో, మర్నాడో పెట్టేయాలి. లోతుగా కత్తిగాటు పడినది వద్దు. గుజ్జు పోయేలా కడిగి, పైనున్న గోధుమరంగు పొరను గోటితో వచ్చినంతవరకు ఒలిచేస్తే మొలక త్వరగా వస్తుంది. చదునైన వైపు కిందికి, మొన ఉన్న వైపు పైకి పెట్టి, పైభాగం అరంగుళం బయటికి కనిపించనివ్వాలి. కుండీ అడుగు లోతుండాలి, కింద చిల్లులుండాలి. అందులోకి తోటమట్టి ఒక పాలు, గోదావరి ఇసుక ఒక పాలు, చివికిన గెత్తం అర పాలు, కొబ్బరిపొట్టు అర పాలు.

ఈ కొబ్బరిపొట్టుతోనే జాగ్రత్త. కోనసీమలో పీచు మిల్లుల దగ్గర గుట్టలుగా పడి ఉంటుంది కదా అని బస్తాడు తెచ్చి నేరుగా కలిపేస్తారు. పచ్చిపొట్టులో ఉప్పుంటుంది, అవకాడోకు ఉప్పు పడదు. మంచినీళ్ళలో నానబెట్టి పిండెయ్యాలి. అలా మూడుసార్లు చేశాకే వాడాలి.

మూడు నుంచి ఆరు వారాల్లో మొలుస్తుంది, ఒక్కోసారి రెండు నెలలూ పడుతుంది. ముందు వేరు దిగుతుంది, ఆ తర్వాతే పిక్క చీలికలోంచి మొలక పైకొస్తుంది. ఏమీ రాలేదని తవ్వి చూశారంటే ఆ వేరు విరుగుతుంది. నొక్కితే పిక్క గట్టిగా ఉందా, ఆగండి. మెత్తబడి వాసనొస్తుంటే తీసేయండి.

పిక్కమొక్క తల్లిచెట్టులాగే కాస్తుందని నమ్మకం లేదు. కాపుకు ఐదు నుంచి పదేళ్ళు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. అవకాడోల్లో పేరుమోసిన, 1935లో పేటెంటు పొందిన హాస్ రకం కూడా కాలిఫోర్నియాలో అంటు అతక్క వదిలేసిన పిక్కమొక్కే, నిజమే. కానీ అలాంటి అదృష్టం కోసం పెరట్లో జాగా పదేళ్ళు ఆపుకోవడం నాకు నచ్చదు. కాండం పెన్సిలు లావయ్యాక, కాస్తున్న చెట్టు నుంచి పుల్ల తెచ్చి చీలిక అంటు కట్టించండి. కడియం వైపు మామిడికి అంటుకట్టే చేతులకు ఇదేం కష్టం కాదు. మూడు నాలుగేళ్ళలో కాయ చూడొచ్చు.

ఇక నేలలో నాటడం. డెల్టాలో అవకాడో చచ్చేది ఎక్కువగా ఇక్కడే. కొబ్బరిమొక్కకు తీసినట్టు గొయ్యి తీయకండి. మన బంకమట్టిలో వాన పడితే గోతిలో నీరు దిగదు. ఆహారం తీసుకునే సన్నవేళ్ళు పై అడుగులోనే ఉంటాయి, నీరు నిలిస్తే ఫైటోఫ్తోరా అనే తెగులు వాటిని కుళ్ళబెడుతుంది. అందుకని గొయ్యి కాదు, దిబ్బ. రెండడుగుల ఎత్తు, ఐదారడుగుల వెడల్పున మట్టి పోసి, దాని నెత్తిన నాటండి. మళ్ళీ చెబుతున్నాను, గొయ్యి కాదు, దిబ్బ.

వేరు కుళ్ళినా ఆకు వాడుతుంది, నీళ్ళు చాలకపోయినా వాడుతుంది. చూడ్డానికి రెండూ ఒకటే. వాడింది కదా అని ఇంకో రెండు బిందెలు పోస్తే కుళ్ళిన మొక్క ఇక లేవదు. పోసే ముందు మొదలుకు అడుగు దూరంలో వేలితో మట్టి తీసి చూడండి. రెండంగుళాల కింద పొడిగా ఉంటేనే పోయాలి. తడిగా ఉండి, సన్నవేళ్ళు నల్లబడి పట్టుకుంటే తెగిపోతుంటే నీళ్ళు ఆపేయండి.

అదే ఆకు చివర్లు, అంచులు మాడినట్టు గోధుమరంగుకు తిరిగితే అది సాధారణంగా ఉప్పు పని. వేసవిలో కాలవకు నీళ్ళు కట్టేశాక సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుబోరు నీళ్ళు పోస్తే ఇలా అవుతుంది. ఆ నెలల కోసం కాలవ నీళ్ళు ఒక డ్రమ్ములో ముందే పట్టి, దోమలు చేరకుండా మూతపెట్టి ఉంచుకోండి. మొక్క మొదలు చుట్టూ ఎండుకొబ్బరాకులు కప్పితే అవే నీళ్ళు ఇంకొన్నాళ్ళు వస్తాయి. కాండానికి మాత్రం అవి తగలకుండా బెత్తెడు ఖాళీ వదలండి.