టీనా టర్నర్ అరవకుండా గెలిచిన ఆల్బమ్: 'ప్రైవేట్ డాన్సర్'

[తెర మీద: తిరుగుతున్న ఎల్పీ. సూది దిగుతుంది. సింథసైజర్ మెల్లగా మొదలవుతుంది.]

ఈ పాట మొదట విన్నప్పుడు అమెరికన్ గాయని టీనా టర్నర్‌కి అస్సలు నచ్చలేదు. మరీ మెత్తగా ఉంది, నాకు నప్పదు అనుకున్నారు. టెర్రీ బ్రిటెన్, గ్రాహం లైల్ కలిసి రాసిన 'వాట్స్ లవ్ గాట్ టు డూ విత్ ఇట్' అది, 'ప్రైవేట్ డాన్సర్' ఆల్బమ్‌లోది. అంతకుముందు బ్రిటిష్ గాయకుడు క్లిఫ్ రిచర్డ్ దగ్గరికి వెళ్లి వెనక్కొచ్చిన పాట. మేనేజర్ రోజర్ డేవిస్ పట్టు వదల్లేదు. 1984 సెప్టెంబరులో అది అమెరికా హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో ఒకటో స్థానానికి ఎక్కి, మూడు వారాలు దిగలేదు. అప్పటికి ఆవిడ వయసు 44.

[టైటిల్ కార్డు]

టీనా పేరు ఎత్తగానే అందరూ చెప్పే కథ ఒకటుంది. భర్త ఐక్ టర్నర్ చేతిలో ఏళ్ల తరబడి దెబ్బలు, 1976లో డల్లాస్ హోటల్ నుంచి పారిపోవడం, చేతిలో 36 సెంట్లు, విడాకుల్లో తన స్టేజి పేరు కోసం గట్టిగా నిలబడటం. అన్నీ నిజాలే. కాకపోతే ఆ కథ ఎంత పెద్దదైపోయిందంటే, ఈ ఆల్బమ్ గురించి మాట్లాడేవాళ్లు కూడా పాటల దాకా రారు. నేను ఇవాళ పాటల దగ్గరే కూర్చుంటాను.

[పాత ఫొటో: ఐక్ అండ్ టీనా బృందం]

ఐక్‌తో చేసిన 'ప్రౌడ్ మేరీ' గుర్తు తెచ్చుకోండి. నెమ్మదిగా మొదలై ఒక్కసారిగా పరుగందుకుంటుంది. వెనక డ్రమ్స్, ట్రంపెట్లు మోత మోగిస్తుంటే వాటిని దాటి వినిపించాలి కాబట్టి గొంతు చించుకోవాల్సిందే. టీనా దాదాపు ఇరవై ఏళ్లు అలాగే పాడారు.

1982లో మార్టిన్ వేర్ తగిలాడు. షెఫీల్డ్ కుర్రాడు, 'హెవెన్ 17' బృందం మనిషి, సింథసైజర్లే ప్రపంచం. టీనా స్టుడియోలోకి వచ్చి బ్యాండ్ ఏది అని అడిగితే, అక్కడున్న యంత్రాన్ని చూపించాడట! మరుసటి ఏడాది ఇద్దరూ కలిసి అల్ గ్రీన్ పాడిన 'లెట్స్ స్టే టుగెదర్'ని మళ్లీ చేశారు. బ్రిటన్‌లో ఆరో స్థానం దాకా వెళ్లింది. దాంతో రికార్డు కంపెనీ క్యాపిటల్ రికార్డ్స్‌కి ఆల్బమ్ కావాలి, అదీ వెంటనే కావాలి. ఇంగ్లండ్‌లో రెండు వారాల్లో చాలా భాగం రికార్డింగ్ అయిపోయింది. ప్రొడ్యూసర్లు చూస్తే వేర్, బ్రిటెన్, రూపర్ట్ హైన్, ఇంకా కొందరు. ఇంతమంది చేయి పెడితే మామూలుగా అతుకుల బొంత తయారవుతుంది.

ఇది అలా ఎందుకు కాలేదు?

[హెడ్‌ఫోన్స్ గుర్తు]

'వాట్స్ లవ్' మొదటి చరణం ఒకసారి హెడ్‌ఫోన్స్‌లో వినండి. వాయిద్యాలు చల్లగా, దూరం దూరంగా ఉంటాయి. మధ్యలో బోలెడు ఖాళీ. ఆ ఖాళీలో టీనా మాట్లాడినట్టుగా, కింది స్థాయిలో పాడుతుంది. అరవాల్సిన పని లేదు. అందుకే గొంతులోని జీర ప్రతి మాట చివరా గరగరమని వినిపిస్తుంది. పల్లవిలో పైకి వెళ్తుంది, అక్కడా పూర్తిగా వదలదు. వదిలితే ఎలా ఉంటుందో మనకు తెలుసు కాబట్టి, ఆ పట్టి ఉంచడంలోనే టెన్షన్ అంతా ఉంది. నా లెక్కలో ఈ ఆల్బమ్ రహస్యం ఇదే. సోల్ అనే నల్లజాతి అమెరికన్ల సంగీతంలో పెరిగిన గొంతును యంత్రాల మధ్య కూర్చోబెడితే, అందులో అంతవరకు మోతలో కలిసిపోయినదంతా బయటపడింది.

టైటిల్ పాట కథ వేరే. రాసింది 'డైర్ స్ట్రెయిట్స్' రాక్ బృందం గాయకుడు మార్క్ నాప్‌ఫ్లర్. తమ 1982 ఆల్బమ్ కోసం వాయిద్యాల వరకు రికార్డు చేసి ఆగిపోయాడు. డబ్బు కోసం మగాళ్ల ముందు నాట్యం చేసే ఆడమనిషి మాటలు మగాడు పాడితే ఏం బాగుంటుంది? పాట టీనాకి చేరింది. నాప్‌ఫ్లర్ లేకుండా మిగతా బృందమే వాయించింది. గిటార్ సోలో జెఫ్ బెక్‌ది. ఏడు నిమిషాలకు పైగా సాగుతుంది, ఎక్కడా తొందరపడదు. ఆ నాట్యగత్తె ఎదుటివాళ్ల ముఖాలు చూడదు, చూపు గోడ మీదే పెట్టుకుంటుంది. టీనా ఆ మాట ఏడుపు గొంతుతో అనదు. రోజూ డ్యూటీకి వెళ్లొచ్చే మనిషి అన్నట్టు అంటుంది. జాలి పడే అవకాశం మనకు ఇవ్వదు.

[తెర మీద: ఆల్బమ్ అట్ట]

అన్నీ ఇంత గొప్పగా లేవు. డేవిడ్ బౌవీ పాట '1984' ఆ ఏడాది పేరు కలిసొచ్చిందని పెట్టినట్టే నాకనిపిస్తుంది. 'స్టీల్ క్లా' హడావుడి ఎక్కువ. కొన్ని డ్రమ్ శబ్దాలకు వయసైపోయింది, దాచేదేమీ లేదు. 'బెటర్ బీ గుడ్ టు మీ' మాత్రం ఇప్పటికీ మంచి పొగరు మీదే ఉంది.

ఆల్బమ్ అమెరికాలో మూడో స్థానం, బ్రిటన్‌లో రెండో స్థానం దాకా వెళ్లింది. 1985 గ్రామీల్లో 'వాట్స్ లవ్'కి రికార్డ్ ఆఫ్ ది ఇయర్ వచ్చింది. ఆ ఆల్బమ్ వచ్చిన ఏడాదే ఆవిడ లయొనెల్ రిచీ కచేరీల్లో ముందుగా పాడే గాయని, గుర్తుంచుకోండి.

వినబోయే ముందు ఒక్క మాట. మీ చేతికొచ్చింది ఏ దేశపు ఎల్పీనో చూసుకోండి. అమెరికాలో వచ్చినదాంట్లో తొమ్మిది పాటలే. బ్రిటన్‌లో వచ్చినదాంట్లో పది. ఆ పదోది బీటిల్స్ వాళ్ల 'హెల్ప్!'. అసలు పాటలోని పరుగంతా తీసేసి, ఆవిడ దాన్ని చర్చిలో ప్రార్థనలా నెమ్మదిగా పాడింది.

[మాట ఆగుతుంది. పియానో వినిపిస్తుంది.]