శాలువా కప్పించుకుని వెళ్ళిపోకండి

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ఎండలో ఇంత దూరం వచ్చిన టీచర్ మిత్రులకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలనే ఉంది, భోజనాల వేళవుతోంది, మన్నించాలి.

ఈరోజు రిటైరై సన్మానం అందుకుంటున్న నలుగురి సేవల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. ముందు నా ఎస్ఆర్, అదే ఉద్యోగ వివరాలన్నీ రాసే సర్వీస్ రిజిస్టర్, సంగతి చెప్పనివ్వండి.

2017లో రిటైరయ్యాను. 1984లో పది నెలలకు నేను పనిచేసినట్టు ధ్రువీకరించే వెరిఫికేషన్ ఎంట్రీ అందులో లేదని పెన్షన్ పేపర్లు వెనక్కి వచ్చాయి. నాలుగు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగాను. ముప్పై మూడేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, గుమస్తా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఇంట్లో చెప్పలేక ఒకటే టెన్షన్.

అప్పుడు వచ్చారు మా సీనియర్ మాస్టారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, రిటైరై పదహారేళ్ళు. "పదవోయ్, నువ్వప్పుడు చేసిన బడికి వెళ్దాం" అన్నారు. అక్కడ బీరువా అడుగున, చెదలు పట్టిన కట్టల్లో అక్విటెన్స్ రిజిస్టర్లు, అంటే జీతం అందినట్టు సంతకాలు పెట్టే పుస్తకాలు, ఉన్నాయి. నేల మీద కూర్చుని, ఒక్కో పేజీ దుమ్ము ఊదుతూ, వేలితో వరస పట్టుకుని రెండు గంటలు చూశారు. "ఇదిగో నీ సంతకం!" రెవెన్యూ స్టాంపు మీద నీలం సిరాతో నా సంతకం. పది నెలలవీ దొరికాయి. వాటిని చూపించాకే ఎంట్రీ పడింది, పెన్షన్ వచ్చింది.

ఆయనకేం అవసరం, చెప్పండి? ఆయన పెన్షన్ ఆయనకు వస్తూనే ఉంది కదా!

పెన్షన్ భిక్ష కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ కేసు వేసిన నకారా గారు కూడా రిటైరైన ఉద్యోగే. రిటైరయ్యాకే కోర్టుకెక్కారు.

ఇక మన పిల్లల, అదే కుర్ర టీచర్ల సంగతి. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్ళు సీపీఎస్‌లో, అంటే జీతంలోంచి వాటా కోసే కంట్రిబ్యూటరీ పెన్షన్ పథకంలో, ఉన్నారు. మనకున్న పెన్షన్ వాళ్ళకు లేదు. అయినా పీఆర్సీ, అదే వేతన సవరణ, మీద 2022 ఫిబ్రవరి 3న జరిగిన చలో విజయవాడకు వాళ్ళే ముందు నడిచారు. డెబ్బై దాటి ఎనభై నిండని పెన్షనర్ల అదనపు పెన్షన్ తీసేస్తామంటే ఆ పోరాటం తర్వాతే చర్చల్లో 70 ఏళ్ళకు 7 శాతం, 75కి 12 శాతం దక్కింది. మన కోసం కూడా నడిచిన ఆ పిల్లలకు పాత పెన్షన్ వచ్చేదాకా మనం ఇంట్లో ఎలా కూర్చుంటాం? ఇక్కడున్న రిటైర్డ్ మిత్రులు ఒక్కసారి చేతులెత్తండి. చూశారా, సగం హాలు మనమే! రేపు ధర్నాకు పిలిస్తే ఎంతమంది వస్తారు?

మోకాళ్ళ నొప్పులున్నాయి, నాకూ ఉన్నాయి. నడవలేనివాళ్ళు నడవక్కర్లేదు. కూర్చుని చేసే పని బోలెడుంది. కుర్రాళ్ళకు జీఓలు తెలుసు గానీ, ఏ రిజిస్టరు ఏ బీరువాలో ఉంటుందో మనకే తెలుసు.

ఆ నలుగురి సేవల గురించి చెప్పడానికి టైం లేకుండా చేశాను, క్షమించాలి. వాళ్ళలో లెక్కల మాస్టారికి ఒక్క మాట. యూనియన్ ఆఫీసులో పే ఫిక్సేషన్, అంటే ఎవరికెంత జీతమో లెక్కకట్టడం, చూసిపెట్టే మనిషి లేరు. ఫైళ్ళు పేరుకుపోయాయి. సోమవారం పదింటికి రండి మాస్టారూ, నా పక్కన కుర్చీ వేసి ఉంచుతాను.