కొత్త పేజీని తీసేయాలా, నిలబెట్టాలా?

సంచాలకుడు: 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో కొత్త పేజీలను సరిచూసేవారంతా జీతం లేని స్వచ్ఛంద సేవకులే. నాసిరకం పేజీలు వచ్చిపడుతుంటే వారు ఏం చేయాలి? ముందుగా నిర్వాహకురాలు గారు చెప్పాలి.

నిర్వాహకురాలు: నాసిరకం అన్న ఒక్క మాట కింద వేర్వేరు సంగతులను కలిపేస్తున్నామండీ. తన ఊరు అందమైన గ్రామమని ఒకే వాక్యం రాసి, అది ఏ మండలంలో ఉందో కూడా చెప్పకుండా వదిలేసిన కుర్రవాడిది తప్పు కాదు, అసంపూర్తి పని. దానికి ‘ఇది ఇంకా పెంచాల్సిన చిన్న వ్యాసం’ అని తెలిపే మొలక మూస పెట్టి, మండలమూ జనగణన వివరాలూ చేరిస్తే నిలబడుతుంది. తన దుకాణం గురించి ఫోన్ నంబరుతో సహా పేజీ పెట్టినవాడి సంగతి వేరు. దాన్ని వెంటనే తొలగించాలి.

అనువాదకుడు: నన్ను బాధపెట్టేవి ఈ రెండూ కావు. చూడటానికి నిండుగా, మూలాలతో సహా కనబడే యంత్రానువాదాలే అసలు సమస్య. ఒక వ్యాసంలో విద్యుత్ కేంద్రాన్ని, అంటే ఇంగ్లీషులోని ‘పవర్ ప్లాంట్’ను, మొదటినుంచి చివరిదాకా ‘శక్తి మొక్క’ అని రాశారు. ఏకవాక్య పేజీని ఐదు నిమిషాల్లో బాగుచేయవచ్చు గానీ, ఇలాంటి పేజీలో ప్రతి వాక్యాన్నీ ఇంగ్లీషు మూలంతో పోల్చి చూడాలి కాబట్టి ఒక సాయంత్రం మొత్తం దానికే పోతుంది.

సంచాలకుడు: ఇంగ్లీషు వికీపీడియా ఇలాంటివాటిని గడప దగ్గరే ఆపుతోంది కదా?

నిర్వాహకురాలు: అవునండీ. ఖాతా లేనివారు అక్కడ కొత్త వ్యాసం మొదలుపెట్టే వీలు 2005 డిసెంబరు నుంచే లేదు. 2017 సెప్టెంబరు నుంచి ఆరు నెలలు ప్రయోగించి చూసి, 2018 ఏప్రిల్లో స్థిరపరచిన నియమం ప్రకారం, ఖాతా తెరిచి నాలుగు రోజులు గడిచి, పది దిద్దుబాట్లు చేసినవారే నేరుగా వ్యాసం పెట్టగలరు. మిగతావారు చిత్తుప్రతి రాసి పరిశీలనకు పంపుకోవాలి. సరిచూడని పేజీ 90 రోజుల వరకు గూగుల్ వెతుకులాటలో కనబడదు. మనిషి సరిచూడకుండా కృత్రిమ మేధతో రాయించిన పేజీలను చర్చ లేకుండానే తీసేసే నియమాన్ని 2025లో చేర్చుకున్నారు.

అనువాదకుడు: ఆ చివరి నియమం మనకూ కావాలి. పది దిద్దుబాట్ల షరతు మాత్రం నాకు మింగుడుపడదు. అక్కడ జనం వెల్లువలా వస్తారు. మనకు వచ్చేవారే కొద్దిమంది, వారిలో చాలామంది తమ ఊరి పేజీతోనే మొదలుపెడతారు.

నిర్వాహకురాలు: అది నిజమే. విషయ ప్రాముఖ్యత లేదని ఒక్క ముక్క రాసి నేను తొలగించిన పేజీల కర్తలు మళ్లీ కనబడలేదు, ఆ బాధ నాకుంది. ఇప్పుడు పేజీని వాడుకరి ప్రయోగశాలకు, అంటే రాసినవారు తమ చిత్తుప్రతులు ఉంచుకునే సొంత పేజీకి, తరలించి, ఏ వాక్యానికి మూలం కావాలో చర్చ పేజీలో స్వయంగా రాసి, వారం రోజులు ఆగుతున్నాను. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తమ ఊరి చెరువు గురించిన రెండు పత్రికా కథనాలు వెతికి తెచ్చి, పేజీని తానే పూర్తిచేశారు.

సంచాలకుడు: యంత్రానువాదాలకూ అదే గడువు ఇస్తారా?

నిర్వాహకురాలు: ఇస్తాను, అయితే అంతవరకు పాఠకుల కంటబడకుండా ప్రయోగశాలలోనే ఉంచాలి.

అనువాదకుడు: అలాగైతే నాకు సమ్మతమే. ఈ ప్రతిపాదనను వికీపీడియా సభ్యులంతా చర్చించుకునే రచ్చబండ పేజీలో మనిద్దరం కలిసి పెడదాం.