గులకరాయి లెక్క: గ్రావెల్ సైకిల్ టైరులో గాలి ఎంత ఉండాలి?

[తెర మీద: నది పక్కనే సాగే కంకర బాట, రెండు వైపులా కొండలు. బండ్ల చప్పుడు లేదు, టైరు కింద కంకర నలిగే చప్పుడు మాత్రమే.]

వ్యాఖ్యాత:
గ్రావెల్ సైకిల్, అంటే కంకర బాటల మీద తొక్కే లావు టైర్ల సైకిల్, కొన్నవాళ్లు చాలామంది మొదటిరోజే ఒక పని చేస్తారు. బొటనవేలితో నొక్కినా లొంగనంత గట్టిగా గాలి కొట్టేస్తారు. 50 పీఎస్‌ఐ, 60 పీఎస్‌ఐ (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే లెక్క). టైరు గట్టిగా ఉంటేనే సైకిల్ తేలిగ్గా దొర్లుతుందని గట్టి నమ్మకం. ఆ తర్వాత ఇలాంటి బాట మీదికొచ్చి, గంట తిరక్కుండానే అరచేతులు తిమ్మిరెక్కి, నడుం పట్టేసి, బాట బాగాలేదని తిట్టుకుంటారు. బాట బ్రహ్మాండంగా ఉందండీ! కారు లేదు, లారీ లేదు, హారన్ లేదు. ఇంత మంచి బాటని టైరులో గాలి పాడుచేస్తోంది. ఈ ఒక్క విషయం ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ మొదటికే వస్తోంది కాబట్టి, ఇవాళ లెక్కతో సహా తేల్చేద్దాం.

[క్లోజప్: బల్ల మీద ఒక గులకరాయి, పక్కన స్కేలు. రాయి ఎత్తు 1 సెంటీమీటరు.]

ఈ రాయిని బాగా చూసుకోండి. వీడియో అయ్యేదాకా మనతోనే ఉంటుంది.

మీరు 70 కిలోలు, సైకిలూ సామానూ కలిపి 10 కిలోలు అనుకుందాం. మొత్తం 80. టైరు బండలా ఉంటే, ఈ రాయి ఎదురైనప్పుడు చక్రం రాయి పైకి ఎక్కాల్సిందే. ముందు చక్రం తన వంతు బరువుని ఎత్తుతుంది, వెంటనే వెనక చక్రం తన వంతు ఎత్తుతుంది. రెండూ కలిపితే 80 కిలోలు 1 సెంటీమీటరు లేచినట్టు. దానికయ్యే శక్తి దాదాపు 8 జౌల్స్. చిన్నదే. కానీ గంటకి 18 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 5 మీటర్లు. మీటరుకో రాయి చొప్పున వేసుకున్నా సెకనుకి ఐదుసార్లు ఎత్తాలి. 40 వాట్లు! మామూలుగా తొక్కేవాళ్ల కాళ్లలోంచి వచ్చేదే 120, 150 వాట్లు.

రాయి దిగేటప్పుడు కొంత తిరిగొస్తుంది, నిజమే. మొత్తం మాత్రం రాదు. మిగిలింది మీ మోచేతుల్లో, భుజాల్లో, తొడ కండరాల్లో కుదుపుగా దిగి వేడిగా పోతుంది. సాయంత్రానికి ఒళ్లు హూనమయ్యేది ఇందుకే.

[క్లోజప్, నెమ్మదిగా: అదే రాయి మీద మెత్తటి టైరు. రాయి టైరులోకి దిగిపోతుంది, రిమ్ ఎత్తు మారదు.]

ఇప్పుడు 30 పీఎస్‌ఐ. రాయి దగ్గర టైరు లోపలికి నొక్కుకుపోయింది. రిమ్ కదల్లేదు, హ్యాండిల్ కదల్లేదు, మీరూ కదల్లేదు. టైరు గోడ వంగి తిరిగి నిలబడడానికి కొంచెం శక్తి ఖర్చవుతుంది, కాదనను. నున్నటి తారు రోడ్డు మీద ఆ ఖర్చే ప్రధానం, అందుకే అక్కడ గట్టి టైరుకి అంత పేరొచ్చింది. రాళ్లున్న చోట కుదుపు ఖర్చు దాన్ని ఎక్కడికో దాటిపోతుంది. తారు రోడ్డు సూత్రాన్ని తెచ్చి కంకర మీద వాడడం దగ్గరే చిక్కంతా.

మరి నంబరెంత? 40 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైరు, మొత్తం బరువు 80 కిలోలు అయితే ముందు 30, వెనక 33 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి. బరువు 5 కిలోలు పెరిగితే 2 పీఎస్‌ఐ కలపండి, తగ్గితే తీసేయండి. లోపల ట్యూబు ఉంటే ఇంకో 5 కలపాలి, కారణం కాసేపట్లో చెప్తాను. వెనక ఎక్కువెందుకంటే బరువులో పెద్ద వాటా అక్కడే పడుతుంది. టైరు గోడ మీదా రిమ్ మీదా అచ్చువేసిన గరిష్ఠ పరిమితులు చూసుకోండి, రెండింట్లో ఏది తక్కువైతే అదే హద్దు.

లావు టైరుకి మారారా? పాత నంబరు పనికిరాదు. టైరు గోడలో బిగువు గాలి ఒత్తిడి మీదా, టైరు లావు మీదా ఆధారపడుతుంది. ఒకే 30 పీఎస్‌ఐ కొడితే, 40 టైరు కంటే 50 టైరు గోడలో బిగువు నాలుగో వంతు ఎక్కువ. లావు టైరు కొని పాత గాలే కొట్టి, ఏం తేడా లేదే అనేవాళ్లకి జవాబు ఇదే. డబ్బు పెట్టి కొన్న మెత్తదనాన్ని పంపుతో తీసేశారు.

[తెర మీద: 160 పీఎస్‌ఐ దాకా గీతలున్న పంపు గేజ్. ముల్లు 30 దగ్గర వణుకుతోంది.]

ఇక్కడ గేజ్ గురించి ఒక మాట. 160 దాకా చూపించే ఈ గేజ్ మీద 28కీ 33కీ తేడా కంటికి ఆనదు. తక్కువ ఒత్తిడికి పనికొచ్చే చిన్న డిజిటల్ గేజ్ ఒకటి పెట్టుకోండి. ఖరీదైన టైరు కంటే ముందు కొనాల్సింది అదే అంటాను. అది లేకపోతే ఎప్పుడూ ఒకే పంపు వాడండి, దాని తప్పు కనీసం మారకుండా ఉంటుంది. బొటనవేలిని మాత్రం నమ్మకండి. మందం గోడ టైరు 20 దగ్గరే గట్టిగా అనిపిస్తుంది, పల్చటిది 35 దగ్గర కూడా మెత్తగానే ఉంటుంది.

మీ సొంత నంబరు పట్టుకోడానికి ఒక అర కిలోమీటరు బాట ఎంచుకోండి. రాళ్లుండాలి, ఒక మలుపుండాలి. దాని మీదే తిరిగి తిరిగి తొక్కుతూ ప్రతిసారీ 2 పీఎస్‌ఐ తీసేయండి. ఎక్కడో ఒకచోట రెండింట్లో ఒకటి జరుగుతుంది. మలుపులో టైరు కింద నుంచి పక్కకి జారుకుంటున్నట్టు ఊగుతుంది, లేదా రాయి మీద రిమ్ ఠక్కున తగులుతుంది. అక్కడ ఆగి 2 లేక 3 పీఎస్‌ఐ కలపండి. మీ నంబరు దొరికింది, రాసిపెట్టుకోండి.

[క్లోజప్: గులకరాయికి పైన టైరు, దాని లోపల నొక్కుకుపోయిన ట్యూబు, ఆపైన రిమ్ అంచు. అడ్డంగా కోసిన బొమ్మ.]

ఆ ఠక్ శబ్దం దగ్గరే మన రాయి రెండో ముఖం చూపిస్తుంది. గాలి మరీ తక్కువైతే రాయికీ రిమ్‌కీ మధ్య ట్యూబు నలుగుతుంది. రిమ్‌కి రెండు అంచులు కాబట్టి ట్యూబుకి పక్కపక్కనే రెండు కోతలు పడతాయి, పాము కాటు గాట్లలాగా. పంక్చర్ వేసేటప్పుడు జంట కోతలు కనబడితే ముల్లు కోసం టైరంతా వెతకక్కర్లేదు, గాలి తక్కువైందని అర్థం. ట్యూబున్నవాళ్లని 5 ఎక్కువ కొట్టమన్నది ఇందుకే. ట్యూబ్‌లెస్‌లో నలగడానికి ట్యూబే ఉండదు. అలాగని మరీ దించేస్తే రిమ్ సొట్టపడుతుంది, మలుపులో టైరు అంచు రిమ్ నుంచి ఒక్క క్షణం విడివడి గాలి భుస్సుమని పోతుంది.

ఇక బాట సంగతి. బండ్లు తిరగని నది లోయ బాటలు చాలావరకు పాత రైలు కట్టలో, కాలవ గట్లో అయి ఉంటాయి. ఆవిరి ఇంజన్లు నిట్టనిలువు ఎక్కలేవు కాబట్టి పట్టాల వాలు మామూలుగా 2 శాతం, అంటే 100 మీటర్లకి 2 మీటర్ల ఎత్తు, దాటకుండా నది వెంటే వేశారు. అమెరికాలో పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ దాకా ఉన్న గ్రేట్ అలెగెనీ ప్యాసేజ్ చూడండి. దాదాపు 240 కిలోమీటర్లు, కొండల శ్రేణిని దాటుతుంది, అయినా కంబర్లాండ్ వైపు పెద్ద ఎక్కుడు కూడా 1.75 శాతం దరిదాపుల్లోనే. నేల నలగ్గొట్టిన సున్నపురాయి, గట్టిగా అణిగి ఉంటుంది. కంబర్లాండ్ దాటగానే పొటోమాక్ నది వెంట సీ అండ్ ఓ కాలవ గట్టు మొదలవుతుంది, 297 కిలోమీటర్లు. ఒకప్పుడు కంచరగాడిదలు పడవల్ని లాగుతూ నడిచిన దారి. వాన పడితే చాలాచోట్ల బురద. రెండూ చదునుగానే ఉంటాయి, మ్యాపులో ఒకే గీతలా కలిసిపోతాయి, టైరుకి మాత్రం రెండు వేరే లోకాలు. అందుకే బయల్దేరే ముందు దూరం ఎంతని అడిగితే చాలదు, నేల ఏమిటో అడగాలి. అణిగిన సన్న కంకరకి మన 30, 33 సరిపోతాయి. లోయ వదిలి పక్క కొండల అటవీ బాట పట్టి, మన రాయి కంటే పెద్దవి, వదులుగా ఉన్నవి వస్తే 3 తగ్గించండి. రెండూ ఉన్న రోజు కొండ భాగానికి తగ్గట్టే పెట్టుకోండి. చదును మీద పోయేది కొంచెం వేగం, దిగుడులో పోయేది పట్టు.

లోయలో ఇంకో మెలిక ఉంది. నది ఒడ్డున పొద్దున చల్లగా ఉంటుంది, మధ్యాహ్నానికి గట్టు మీద ఎండ. 10 డిగ్రీల తేడాకి ఒత్తిడి 1.5 పీఎస్‌ఐ దాకా మారుతుంది. పొద్దున వెచ్చటి గదిలో కొట్టి బయటికి తెస్తే మీరు కొట్టినంత ఉండదు.

[తెర మీద: గడియారం]

టైమ్ దగ్గరపడుతోంది, మిగతావి గబగబా. గేర్లు: కొండ బాటకి ముందు, పెడల్ దగ్గరి పళ్ల చక్రానికి, వెనక ఉన్న పెద్ద పళ్ల చక్రం కంటే తక్కువ పళ్లు ఉండాలి. రెండూ సమానమైతే, నిమిషానికి 60 తొక్కుళ్లకి వేగం గంటకి 8 కిలోమీటర్లు. 12 శాతం వాలులో దానికి 200 వాట్ల పైనే కావాలి. ముందు 30 పళ్లు, వెనక 42 ఉంటే కూర్చునే ఎక్కొచ్చు. లేచి నిలబడితే వెనక చక్రం మీద బరువు తగ్గి, మన రాయి కింద నుంచి జారి, చక్రం అక్కడే గిర్రున తిరుగుతుంది.

బ్రేకులు: మలుపులోపల కాకుండా మలుపుకి ముందే వేగం చంపండి. తడి ఇసుకలో రెజిన్ (మెత్తటి రకం) బ్రేకు ప్యాడ్లు చూస్తుండగానే అరిగిపోతాయి, వానల్లో లోహం కలిసినవి మేలు. తడిసిన చెక్క వంతెనల మీద ఏ టైరూ పట్టదు. తిన్నగా పోండి, బ్రేకు ముట్టుకోకండి. నది పొంగి బాట మునిగితే, అడుగు కనబడని నీళ్లలోకి దిగకుండా వెనక్కి తిరగండి.

సీలెంట్, అంటే ట్యూబ్‌లెస్ టైరు లోపల పోసే, రంధ్రాలు మూసే ద్రవం: 40 టైరుకి 60 నుంచి 90 మిల్లీలీటర్లు. రెండు మూడు నెలలకోసారి వాల్వ్ కోర్ (గాలి కొట్టే వాల్వ్ లోపలి చిన్న భాగం) విప్పి సన్న పుల్ల ముంచి చూడండి. పుల్ల పొడిగా వస్తే లోపల రబ్బరు పొర తప్ప ఏమీ మిగల్లేదు. సన్న రంధ్రాలని సీలెంటే మూసుకుంటుంది. అంతకంటే పెద్దవాటికి ప్లగ్, అంటే జిగురు రబ్బరు పట్టీ ముక్క, దూర్చండి.

ప్లగ్ కూడా ఆపలేకపోతే ట్యూబు వేయాలి. ట్యూబ్‌లెస్ వాల్వ్ తీసేయండి. ట్యూబు పెట్టేముందు టైరు లోపల చుట్టూ ఒక గుడ్డతో మెల్లగా తుడవండి. సీలెంట్ ఎన్నాళ్లుగానో మూసి ఉంచిన ముళ్లు ఇంకా అక్కడే గుచ్చుకుని ఉంటాయి, గుడ్డకి తగిలి ఆగుతాయి. ఒక్కొక్కటీ పీకేయండి. ఒక్కటి వదిలినా కొత్త ట్యూబు కిలోమీటరు కూడా నిలవదు.