పాత ఎక్స్‌రే పారేయకండి

శ్రోతలందరికీ నమస్కారం. నేను గుంటూరు కొత్తపేటలో ఎక్స్‌రేలు, స్కాన్లు చదివే డాక్టర్నండి, రోజంతా చూసేది ఎముకల్నే, మనుషుల మొహాలు తక్కువ. మొన్నామధ్య తెనాలి వైపు నుంచి ఒక పెద్దాయన్ని కొడుకు తీసుకొచ్చాడు, 70 దాటాయి, తుంటి నొప్పి, ఎక్కడో బోన్ స్కాన్ తీస్తే తుంటి దగ్గర నల్లటి మచ్చ, ఇంక ఇంట్లోవాళ్లు క్యాన్సరే అనుకుని రెండ్రోజులుగా అన్నాలు మానేశారు.

అసలు ఆ స్కాన్‌కి ఏం చేస్తారంటే, కొంచెం టెక్నీషియం మందు, అంటే కెమెరాకి కనపడేలా కాస్త రేడియేషన్ వెదజల్లేది, నరానికి ఎక్కించి ఓ 3 గంటలు కూర్చోబెట్టి ఫోటో తీస్తారు. కొత్త ఎముక కట్టే పని ఎక్కడ జోరుగా సాగుతుంటే మందు అక్కడ పోగవుద్ది. ఎందుకు సాగుతోందో మాత్రం చెప్పదు. విరిగినా నలుపే, క్యాన్సర్ పాకినా నలుపే, పాజెట్ అని ఎముక అడ్డదిడ్డంగా లావెక్కే జబ్బుంది, అదయినా నలుపే.

"బాబాయ్ గారూ, పాత ఎక్స్‌రే ఏమన్నా ఉందా" అనడిగా. సైకిల్ మీంచి పడ్డప్పుడు తీయించిందంట, 6 ఏళ్ల నాటిది, నలిగిపోయిన కవర్లోంచి తీశారు. లైటుకి పెట్టి చూస్తే ఏముంది, అప్పటికే కుడి తుంటెముక ఎడమ దానికంటే లావు, పైపెంకు మందం, లోపలి గీతలు మొరటుగా. కొత్త ఎక్స్‌రేలోనూ అదే వాలకం. క్యాన్సర్ పాకితే ఎముక ఇట్లా సైజు పెరగడం మామూలుగా ఉండదు, పైగా ఇన్నేళ్లు నిమ్మళంగా కూర్చోదు కదా. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, అంటే ఎముక కట్టే పని జోరెక్కితే పెరిగే ఎంజైమ్, ఎక్కువ, కాల్షియం మామూలే. పాజెట్ జబ్బే.

మన ఒంట్లో పాత ఎముకని తవ్వే కణాలు, కొత్తది పోసే కణాలు రెండూ ఉంటాయి. ఈ జబ్బులో తవ్వకం అదుపు తప్పుద్ది, వెనకాలే పోసే కణాలు హడావిడిగా కొత్తది పోసేస్తాయి, అందుకే లావు ఉంటది గానీ గట్టిదనం ఉండదు, వంగుద్ది, విరుగుద్ది. పుర్రెకొస్తే ఎక్స్‌రేలో దూది ఉండలు అతికించినట్టు కనపడుద్ది, పత్తి పండే ఊళ్లవాళ్లం మనకి వేరే చెప్పాలా. వెన్నుపూసకొస్తే చుట్టూ ఫోటో ఫ్రేము కట్టినట్టు. లండన్ సర్జన్ జేమ్స్ పాజెట్ దీని గురించి రాసింది 1877లో, ఎక్స్‌రే పుట్టిందేమో 1895లో, అంటే ఆయన వంగిన కాళ్లూ, పుర్రె పెరిగి తలకి పట్టకుండా పోయిన టోపీలూ చూసే పట్టేశాడు! బ్రిటన్‌లో ఎక్కువండి ఇది, మన దగ్గర అరుదు, అందుకే ఎవరికీ తట్టదు.

ఇప్పుడు కొన్నిచోట్ల ఫిలిం ఇవ్వకుండా ఫోన్‌కి ఫోటో కొట్టేస్తున్నారు, ఆ ఫోటోలో సన్న గీతలు ఏం కనపడతాయండీ, ఫిలిమో సీడీనో అడిగి తీసుకోండి.

పెద్దాయనకి ఎముకల డాక్టరు ఆ తవ్వకాన్ని అదుపు చేసే మందు, జోలెడ్రోనిక్ యాసిడ్, 5 మిల్లీగ్రాములు ఒక్కసారి సెలైన్‌లో ఎక్కించారు. వెళ్తూ వెళ్తూ కొత్త ఫిలింని కూడా ఆ నలిగిన కవర్లోనే దూర్చి, కొడుక్కివ్వకుండా తనే చంకలో పెట్టుకున్నాడు.