ఫారం నింపనివాళ్ల సంగతి ఏమిటి?

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలను పేరుపేరునా పలకరించడం మర్యాదే కానీ నాకిచ్చిన టైము ఇరవై నిమిషాలు, అందులో కొంత మైకు సర్దడానికే పోయింది, కాబట్టి మీ అందరికీ కలిపి ఒకటే దండం.

మహమ్మారి కాలంలో ఆన్‌లైన్ చదువు మీద విద్యార్థుల సంతృప్తి గురించి మాట్లాడమన్నారు. స్లైడ్లు తెచ్చాను. పటాలు, శాతాలు అన్నీ ఉన్నాయి. కానీ నాకంటే ముందు మాట్లాడినాయన "మొత్తం మీద పిల్లలు సంతృప్తిగానే ఉన్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, అది విన్నాక ఆ స్లైడ్లు చూపించబుద్ధి కావడం లేదు. ఈ మాట నేను కొన్నేళ్లుగా వింటున్నాను. విన్న ప్రతిసారీ నాకు ఒకటే సందేహం, ఎవరిని అడిగి చెప్తున్నారు?

ఒకసారి ఆ రోజులు గుర్తు తెచ్చుకోండి. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అని ప్రకటించింది. కొద్ది వారాల్లోనే 190కి పైగా దేశాల్లో బడులు, కాలేజీలు మూతపడ్డాయి, చదువు ఆగిపోయినవాళ్లు సుమారు 160 కోట్ల మంది అని యునెస్కో లెక్క. మామూలుగా ఒక యూనివర్సిటీ కోర్సును పూర్తిగా ఆన్‌లైన్‌లో పెట్టాలంటే ఆరు నుంచి తొమ్మిది నెలల తయారీ కావాలంటారు, మనకు దొరికింది ఒక వారాంతం. అందుకే విద్యా సాంకేతికత మీద పరిశోధన చేసే చార్లెస్ హాడ్జెస్, ఆయన సహచరులు అదే మార్చి నెలలో ఒక వ్యాసం రాసి, దీన్ని ఆన్‌లైన్ విద్య అనకండి, ఇది అత్యవసరంగా దూరం నుంచి పాఠం చెప్పడం మాత్రమే, రెండిటినీ ఒకే గాట కట్టకండి అని ముందే హెచ్చరించారు. మనం కట్టేశాం. కట్టి, దాని మీద సర్వేలు కూడా చేశాం.

ఆ సర్వేల్లో ఒకదాని గురించి చెప్పాలి. నేను గణాంక శాస్త్రం (స్టాటిస్టిక్స్) చెప్పేవాణ్ణి, అందుకే నాకు ఇంత మంట. సర్వే లింకు లైవ్ క్లాసు చివర్లో చాట్‌లో పెట్టమన్నారు, సాయంత్రానికల్లా మూసేశారు. తర్వాత మీటింగ్‌లో పిల్లలు అయిదుకి వేసిన మార్కుల సగటు చూపించి "చాలా బాగుంది" అన్నారు. రోల్లో, అంటే క్లాసు పేర్ల పట్టీలో, ఎంతమంది, ఫారం నింపినవాళ్లు ఎంతమంది అని అడిగాను. "శాంపిల్ సరిపోతుంది సార్" అన్నారు. సరిపోతుందా! లైవ్ క్లాసులో ఉన్నవాళ్లకే లింకు, నెట్ నిలబడ్డవాళ్లకే ఫారం, ఇక వచ్చే జవాబు ఎలా ఉంటుంది? బస్సెక్కి కూర్చున్నవాళ్లను బస్సు దొరికిందా అని అడగడమే ఇది. నింపనివాళ్లు ఊరికే, యాదృచ్ఛికంగా తప్పిపోలేదు. ఏ కారణంగా చదువు అందలేదో ఆ కారణంగానే సర్వే కూడా అందలేదు. ఇది చిన్న తేడా కాదండీ. ఇంట్లో ఇంటర్నెట్ లేని పిల్లలు, మూడు నుంచి పదిహేడేళ్ల మధ్యవాళ్లు, 130 కోట్ల మంది అని యునిసెఫ్, ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ 2020 చివర్లో కలిసి చెప్పాయి. ఆ వయసు పిల్లల్లో మూడింట రెండొంతులు.

మా క్లాసులో ఒకమ్మాయి ఉండేది. పేరు చెప్పను. ఇంట్లో ఒకటే ఫోను, అది వాళ్ల నాన్నతో పొద్దున్నే పనికి వెళ్లిపోయేది. రాత్రి ఆయన తిరిగొచ్చాక, తమ్ముడి హోంవర్కు అయ్యాక, అప్పుడు ఈ పిల్ల రికార్డింగులు చూసేది. హాజరు పట్టీలో ఆమె లేదు, సర్వేలోనూ లేదు. నేనే ఫోన్ చేశాను. ఇబ్బంది పడుతున్నావా అమ్మా అంటే ఏడుస్తుందేమో అనుకున్నాను, ఆమె ఏమందో తెలుసా? "లైవ్ కంటే ఇదే నయం సార్, అర్థం కాకపోతే వెనక్కి తిప్పి మళ్లీ వింటున్నాను. క్లాసులో అయితే మిమ్మల్ని రెండోసారి చెప్పమనేదాన్ని కాదు." నేను సంతోషించేలోపే ఇంకో మాట అంది, "కానీ డౌట్ వస్తే రాత్రి పదకొండింటికి ఎవర్ని అడగాలి సార్?"

ఇప్పుడు చెప్పండి, ఈ అమ్మాయికి ఒకటి నుంచి అయిదులో ఎంత వేస్తారు? మీరే చెప్పండి. రికార్డింగుకు అయిదు, డౌట్లకు ఒకటి, కలిపి మూడా? మూడంటే మన ఫారాల్లో "ఫర్వాలేదు". ఆమె ఫర్వాలేదని ఎక్కడా అనలేదే! 1932లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రెన్సిస్ లైకర్ట్ ఈ రకం స్కేలు తయారుచేసినప్పుడు ఒక్క ప్రశ్నతో సరిపెట్టలేదు, ఒకే విషయం మీద బోలెడు వాక్యాలు ఇచ్చి, వాటన్నిటి మార్కులూ కలిపి మనిషి వైఖరిని అంచనా వేశాడు. మనకు మిగిలింది ఒకే ప్రశ్న, "మొత్తంగా మీరు సంతృప్తి చెందారా".

ఇంకోటి, సంతృప్తి అనేది ఆశను బట్టి ఉంటుంది. కొనుగోలుదారుల సంతృప్తి మీద పరిశోధన చేసిన రిచర్డ్ ఆలివర్ 1980లోనే చెప్పాడు, ఆశించినదానికీ దక్కినదానికీ మధ్య తేడాయే అది అని. మొదటి నెలల్లో అసలు క్లాసు జరగడమే గొప్ప అనిపించింది, పిల్లలు మంచి మార్కులు వేశారు. పరీక్షలు ఇంటి నుంచి రాయమంటే సంతృప్తి ఇంకా పెరగదూ! (నవ్వండి, మీలో కొందరు ఆ పేపర్లు దిద్దే ఉంటారు.) నచ్చడం వేరు, వంటబట్టడం వేరు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ క్లాసుల మీద 2019లో వచ్చిన అధ్యయనంలో, తామే చర్చించి లెక్కలు చేసిన విద్యార్థులు పరీక్షలో ఎక్కువ నేర్చుకున్నట్టు తేలింది. ఎవరు ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు? సాఫీగా లెక్చర్ విన్నవాళ్లు.

కెమెరాల మాట కూడా అనేస్తాను, అది అంశంలో లేదు, అయినా సరే. పిల్లలు కెమెరాలు ఆపేస్తే తెర మీద మిగిలిన నల్ల డబ్బాలకు పాఠం చెప్పామని మన టీచర్లందరికీ బాధ. నాకూ ఉంది, గోడకు చెప్పుకున్నట్టే ఉండేది. కానీ స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ వీడియో కాల్స్ అలసట గురించి 2021లో రాసింది చూడండి. మొహాలన్నీ అతి దగ్గరగా మనవైపే చూస్తుంటాయి, మన మొహం మనకే కనిపిస్తూ ఉంటుంది, కదలడానికి ఉండదు, తలాడించడం లాంటి చిన్న సంజ్ఞ కూడా తెచ్చిపెట్టుకుని చేయాలి, అలసట వీటివల్ల అంటాడు. దానికి తోడు వెనకాల కనిపించే ఇల్లు. ఒక్క గదిలో నలుగురు ఉన్నచోట కెమెరా ఆన్ చెయ్ అని గద్దించడం ఎంత టెన్షనో ఆలోచించండి. కెమెరా ఆపుకున్న పిల్లల్లో శ్రద్ధ లేదని రాసేశాం.

సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, రెండు నిమిషాలు సార్. నేను అడిగేది పెద్ద పని కాదు. మీ దగ్గర ఆనాటి సర్వే ఫైళ్లు ఉంటే బయటికి తీయండి. ప్రతి సగటు పక్కనా రోల్లో ఎంతమంది ఉన్నారో, నింపినవాళ్లెందరో రాయండి. సగం మందే నింపి ఉంటే ఆ సగటును ఎవరికీ చూపించకండి. మళ్లీ ఎప్పుడైనా సర్వే చేస్తే ఫారం పంపేసి ఊరుకోకుండా, రానివాళ్లలో కొందరికైనా ఫోన్ చేయండి, వాళ్లింట్లో ఫోను ఏ వేళకు ఖాళీగా ఉంటుందో కనుక్కుని ఆ వేళకే చేయండి. ఆ రికార్డింగులను మహమ్మారి అయిపోయిందని తీసేశారు చాలాచోట్ల. అవి ఎందుకు తీశారో, ఏ విద్యార్థిని అడిగి తీశారో ఇక్కడున్న ప్రిన్సిపాళ్లు ఎవరైనా ఇప్పుడే చెప్తే వింటాను. మైకు అటు ఇవ్వండి.