గంటా పావు ప్రయాణం
(గాజువాకలో ఒక భూగోళం మాస్టారి సన్మాన సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు నమస్కారం. పేర్లన్నీ చదివితే భోజనాలు చల్లారిపోతాయి, క్షమించాలి.

మాస్టారు ముప్పై ఏళ్లు మన పిల్లలకు దూరాలు కొలవడం నేర్పారు. కాబట్టి నేనూ ఒక దూరం గురించే మాట్లాడతాను. శంషాబాద్ నుంచి మన విశాఖ విమానాశ్రయానికి గగనతలంలో సుమారు 510 కిలోమీటర్లు. టికెట్ మీద గంటా పావు అని ఉంటుంది. అందులో గాల్లో ఉండేది గంటలోపే. విమానం అక్కడ గేటు దగ్గర కదిలినప్పటి నుంచి ఇక్కడ ఆగేదాకా లెక్క కడతారు. రన్‌వే కోసం వరసలో నిలబడ్డా అందులోదే.

మా వియ్యంకుడిగారు ఆ లెక్కే నమ్మారు. "గంటా పావే కదా బావగారూ, పన్నెండింటికల్లా మీ ఇంట్లో ఉంటా" అన్నారు. మా ఆవిడ పన్నెండింటికి విస్తళ్లు వేయించింది. ఉదయం ఆరున్నరకు కూకట్‌పల్లిలో గడప దాటిన మనిషి, శంషాబాద్ చేరడానికే గంటన్నర. కౌంటర్ గంట ముందే మూసేస్తారు కనక ముందే వెళ్లి కూర్చోవాలి. తీరా ఇక్కడికొస్తే మనది నేవీ వారి ఎయిర్‌ఫీల్డ్, ఐఎన్ఎస్ డేగా. దిగడానికి వీలు దొరక్క రెండు చక్కర్లు కొట్టారట. ఒంటిగంట దాటాక వచ్చారు. వచ్చీ రాగానే "పెరుగన్నం చాలు" అన్నారు. మా ఆవిడ మొహం చూడాలి మీరు! గుత్తి వంకాయ అలాగే ఉండిపోయింది. అమ్మా, నవ్వకండి, ఆ రోజు మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

ఇంతకీ నా బాధ వంకాయ కాదు, మన విమానాలు మారిపోయే భోగాపురం కొత్త విమానాశ్రయం. శంకుస్థాపన 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో ఇంకోసారి చేశారు. మంచిదే, నేవీతో ఇబ్బంది తప్పుతుంది. హైదరాబాద్ నుంచి గాల్లో పెరిగేది ముప్పై నలభై కిలోమీటర్లు, అంటే నాలుగైదు నిమిషాలు. కానీ గాజువాక వాళ్లకు? ఇప్పుడు ఆటోలో పోతున్నాం. రేపు ఎన్ఏడీ, మధురవాడ, ఆనందపురం, తగరపువలస దాటి అరవై కిలోమీటర్ల దాకా పోవాలి. విమానంలో కూర్చునే సేపటి కంటే రోడ్డు మీదే ఎక్కువ సేపు!

హైదరాబాద్‌లో ఏమైంది? బేగంపేట మూసి 2008 మార్చిలో శంషాబాద్ తెరిచారు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది 2009 అక్టోబర్లో. ఏడాదిన్నర జనం ట్రాఫిక్‌లో ఏడ్చారు. మనమూ ఏడవాలా? చెప్పండి! ముందు రోడ్డు, ముందు బస్సు. వేళాపాళా ఉన్న ఏసీ బస్సు గాజువాక నుంచే బయల్దేరాలి, మధురవాడ నుంచి కాదు.

మాస్టారి గురించి వారి శిష్యులు చెబుతారు, నాకంటే బాగా. వెనక బల్ల మీద వినతిపత్రం ఉంది. దయచేసి చేతులు కడుక్కోకముందే సంతకం పెట్టండి, పోయినసారి కాగితమంతా పప్పు మరకలే.